మద్రాసు మైదానంలో చెప్పులు విడిచిన రోజు

ఈ ఉదయం పక్కింటి అక్క గోడ మీదుగా తొంగిచూసి, "ఏంది అబ్బయ్యా, దండెం మీద ఆ పుర్రె బొమ్మ చొక్కా? మీ ఇంట్లో ఎవురన్నా చేతబడి నేర్చుకుంటా ఉండారా?" అని అడిగింది. నవ్వి, అది మా అమ్మాయిదని చెప్పాను గాని, ఆ నల్లచొక్కా చూసేసరికి ఆ పిల్ల వెంట మద్రాసు పోయిన రోజు కళ్లముందు తిరిగింది. చెన్నై అనడం నాకింకా అలవాటు కాలేదు, మన వయసువాళ్లకు అది మద్రాసే కదా.

మా అమ్మాయికి ఆ మెటల్‌కోర్ పాటలంటే ప్రాణం. మీరు విని ఉండరు, చెబుతాను. ఒకడు గొంతు చించుకుని, ఎవరో మెడ పిసుకుతున్నట్టు అరుస్తాడు. ఆ అరుపుల మధ్య ఉన్నట్టుండి ఇంకొకడు ఎంతో తియ్యగా రాగం అందుకుంటాడు; మనం కాస్త కుదుటపడేలోగా డ్రమ్ములు మళ్లీ వచ్చి నెత్తిన బాదుతాయి. తనకిష్టమైన బృందం మద్రాసు వస్తోందని, ఒక్కతే పోయి చూసొస్తానని ఆ పిల్ల అంటే ఇంతెత్తున ఎగిరాను. గుంపంటే నాకు భయం. ఆ భయం మా అన్న వల్ల పట్టుకున్నది.

విడవలూరు దగ్గర మా ఊళ్లో పీర్ల పండుగకు చావిడి ముందు గుండం తవ్వి, అందులో మొద్దులు కాల్చి, ఏ కులమూ ఏ మతమూ అనకుండా ఊరంతా ఆ నిప్పుల చుట్టూ చిందులు వేసేవాళ్లం. డప్పుల దెబ్బకు ఒళ్లు తెలిసేది కాదు. మోచేతులు తగిలి మూతులు పగిలేవి, తెల్లారి ఎవడి వీపు చూసినా కమిలిపోయి ఉండేది, అయినా అదంతా మాకు మహా సంబరం. మా అమ్మాయి బడికి పోయే రోజుల్లో ఒక ఏడు, ముందు ఎవరు తిరగాలన్న పంతం వచ్చి రెండు వీధులవాళ్లు కర్రలెత్తారు. విడదీయబోయిన మా అన్న తల పగిలి కింద పడ్డాడు. కొట్టడానికి ఉరికినవాళ్లూ, తప్పించుకోను పరిగెత్తినవాళ్లూ ఆయన్ని తొక్కుకుంటూనే పోయారు. నేను జనాన్ని గుద్దుకుంటూ చేరేసరికి ఊపిరి లేదు. ఆ తర్వాత మా ఊళ్లో గుండం తవ్వలేదు, నేను ఏ తిరునాళ్లకూ పోలేదు.

అందుకే అమ్మాయిని ఒంటరిగా పంపడానికి మనసొప్పక వెంటపడి వెళ్లాను. నెల్లూరులో పొద్దున్నే రైలెక్కి, సెంట్రల్‌లో దిగి, మెరీనా ఇసుకలో కూర్చుని సుండల్, అదే మన గుగ్గిళ్లు, తిన్నాము. అదీ మన సముద్రమే, కాకపోతే మనవైపు ఒడ్డున వలలు ఆరతాయి, అక్కడ గుర్రపు స్వారీలు, బుడగలు. నేనేమో నీళ్లు చూస్తూ కూడా సాయంత్రం గుంపులో ఈ పిల్లను ఎట్లా కాచుకోవాలిరా దేవుడా అనే ఆలోచిస్తున్నాను.

మైదానంలో పాట మొదలైన కాసేపటికి జనం తమంతట తామే జరిగి నడుమ గుండ్రంగా చోటు చేశారు. పిల్లలు అందులోకి దూకి గిరగిరా పరిగెత్తుతూ, ఒకరినొకరు భుజాలతో కుమ్ముకోసాగారు. ఒకడికి ముక్కు చిట్లి నెత్తురు కారుతోంది, వాడు నవ్వుతున్నాడు! మా అమ్మాయి నా చెయ్యి విదిలించుకుని దూకేసింది. వెనకే దిగబోతూ నేనేం చేశానో తెలుసా, చెప్పులు విడిచాను. గుండం చుట్టూ చెప్పులతో తిరిగితే తప్పు కదా, ఆ డ్రమ్ముల మోతలో కాళ్లకు పాత అలవాటే గుర్తొచ్చింది. రెండడుగులు వేశానో లేదో ఎవడి బూటో నా బొటనవేలి గోరు లేపేసింది, ఇంకొకడి మోచెయ్యి డొక్కలో దిగింది. కళ్లు బైర్లు కమ్ముతుండగానే మా అమ్మాయి కాలు మడతపడి బోర్లా పడడం చూశాను. ఆ వెనకే ఒక మంద పరిగెత్తుకొస్తోంది. "అన్నా!" అని అరిచాను. కూతురి పేరు కాదు, నా నోట ఆ మాటే వచ్చింది.

వాళ్లు ఆగారు. ముందున్నవాళ్లు చేతులు బార్లా చాచి వెనకవాళ్లను ఆపేశారు, ఇద్దరు వంగి చంకల్లో చేతులేసి పిల్లను నిలబెట్టారు. మెడనిండా పచ్చబొట్లున్న కుర్రాడొకడు దాని మోకాలు తడిమి చూసి, నావైపు తిరిగి, ఏమీ కాలేదప్పా అని తమిళంలో చెప్పాడు. నేను అక్కడే చతికిలబడి పసిపిల్లాడిలా ఏడ్చాను.

అమ్మాయి నన్ను పక్కకు నడిపించుకుపోయి, వేలికి కట్టు కడుతూ, "ఈడ పడినోళ్లను లేపకుండా ఎవురూ పోరు నాయనా. అందుకే ఈడికొచ్చేది నేను. పెదనాయన పడినప్పుడు చావిడి అరుగు మీద నుంచి చూస్తానే ఉన్నా" అంది. ఇన్నేళ్లలో ఆ సంగతి నాతో ఒక్కసారీ అనలేదు.

మన కాలంలో మనుషుల్లో ప్రేమలు ఉండేవని, ఇప్పటి పిల్లలకు అవి తెలియవని మనం నలుగురం కూర్చున్నప్పుడల్లా చెప్పుకుంటాము. నేనూ చాలాసార్లు చెప్పాను, ఇప్పుడు నాకు నోరు రావడం లేదు. ఆ మైదానంలో మా అమ్మాయి పేరు తెలిసినవాడు ఒక్కడూ లేడు. మా అన్నను తొక్కుకుంటూ పోయినవాళ్లందరూ ఆయన్ని మామా, బావా అని వరసపెట్టి పిలిచినవాళ్లే.