ఎలుకలు మింగిన తిమింగలం: ఉరవకొండ నుంచి కణేకల్ దాకా

బెంగళూరులో మేం ముగ్గురం కలిసి పిల్లల కోసం కార్డుల ఆటలు తయారుచేస్తాం. కొత్త ఆటలో ఒక అరుదైన కార్డు పెట్టాలని అందరం ఒప్పుకున్నాం. ఎంత అరుదుగా పెట్టాలన్న దగ్గరే తగువు మొదలైంది. ఎన్ని ఎక్కువ పొట్లాలకు ఒకటి చొప్పున పెడితే, దాని కోసం పిల్లలు అన్ని ఎక్కువ పొట్లాలు కొంటారని నా భాగస్వామి వాదన. వ్యాపారం లెక్కన అందులో తప్పు పట్టడానికి లేదు. అయినా నాకు మింగుడు పడలేదు. చిన్న పిల్ల ఒకతె బడి ముందు అంగడిలో పొట్లం వెనక పొట్లం చింపుతూ ఏడుపు ముఖం పెట్టడమే నా కళ్ళ ముందు మెదిలేది. సరిగ్గా ఆ వారంలోనే, పాత కార్డులు పోగేసేవాళ్ళ వాట్సాప్ గుంపులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఉరవకొండ బస్టాండు దగ్గర టిఫిన్ హోటలు నడిపే ఓబులేసు అనే ఆయన గొంతు అది.

"అన్నా, అక్కా, ఎవరి దగ్గరన్నా తిమింగలం కార్డు ఉండాదా? నాకు అమ్మొద్దండి. ఒక్కసారి తెచ్చి మా దస్తగిరికి చూపిస్తే సాలు. వాని కండ్లు పోతాండాయి."

ఆ కార్డు నా దగ్గర ఉంది. మా చిన్నప్పుడు ఒక బిస్కెట్ల కంపెనీ పొట్లానికొక జంతువు బొమ్మ కార్డు పెట్టేది. కంపెనీ ఎప్పుడో మూతపడింది. నేను పెరిగింది బళ్ళారిలో. మాకు తిమింగలం విసుగు పుట్టేంతగా వచ్చేది, ఇస్తామన్నా ఎవరూ తీసుకునేవాళ్ళు కాదు. అదే కార్డు కొద్ది దూరంలో ఉన్న అనంతపురం వైపు పిల్లలకు కంట పడేదే కాదట. ఏ డబ్బా ఏ ఊరికి పంపారో, ఎందుకలా జరిగిందో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. మేం విసుగొచ్చి పారేసినవన్నీ పోయాక, ఇవాళ అది అందరికీ అరుదైపోయింది. నా దగ్గర మిగిలిన ఒక్కటి మూలలు నలగకుండా, ప్లాస్టిక్ తొడుగులో భద్రంగా ఉంది. దాని కోసం మా గుంపులో ఒకాయన ఏళ్ళ తరబడి నన్ను బతిమాలుతున్నాడు. అందుకే ఓబులేసుకి ఫోన్ చేసి, తెచ్చి చూపిస్తాను గానీ మళ్ళీ తీసుకెళ్ళిపోతానని ముందే తెగేసి చెప్పాను. అంతకన్నా ఏం కావాలక్కా అన్నాడాయన.

బెంగళూరులో పొద్దున్నే బయల్దేరితే అనంతపురానికి బస్సులో నాలుగు గంటలు పైనే పడుతుంది. ఛార్జీ బస్సుని బట్టి నాలుగు వందలు, అటూ ఇటూ. అక్కడ ఉరవకొండ బస్సు కోసం ఎక్కువసేపు ఆగనక్కర్లేదు, బళ్ళారి వెళ్ళేవన్నీ ఆ దారినే పోతాయి. గంటంబావు ప్రయాణం, వంద రూపాయల లోపే టికెట్టు. ఊరు దాటాక ఎర్రమట్టి చేలు, చేల మధ్య గాలిమరలు, కనుచూపు మేరా వేరుశనగ. నేను వెళ్ళిన రోజు ఆకాశం నిండా మబ్బు. బస్సులో మాటలన్నీ దాని గురించే. చెనక్కాయకు ఊడలు దిగే సమయమని, ఈ ఒక్క వాన పడితే పంట నిలబడుతుందని నా పక్కన కూర్చున్న పెద్దాయన చెప్పాడు. చెబుతున్నంతసేపూ కిటికీలోంచి పైకే చూశాడు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి మరీ ఆ మాటల్లో కలిశాడు.

ఓబులేసు హోటలు వెతుక్కోనక్కర్లేదు, బస్సు దిగితే ఎదురుగానే. యాభై దగ్గర పడిన మనిషి, భుజాన తువ్వాలు, ముఖం నిండా నవ్వు. బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పొద్దుటి టిఫిను. మధ్యాహ్నానికి గిన్నె అడుగంటుతుంది కాబట్టి నా కోసం ఒక ప్లేటు మూత పెట్టి ఉంచాడు. నలభై రూపాయల ప్లేటుకి నా దగ్గర దుడ్లు తీసుకుంటే ఊళ్ళో తలెత్తుకోలేనని మొండికేశాడు. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని తిమింగలం కథ చెప్పాడు.

దస్తగిరి వాళ్ళ నాయన ఇక్కడి నూనె మిల్లులో పనిచేసేవాడు. ఆ వీధి పిల్లలు కార్డుల్ని నాపబండల మీద జార్చి ఆడేవాళ్ళు. గోడకి ఎవరి కార్డు దగ్గరగా ఆగితే వాళ్ళకి తక్కినవన్నీ. బాగా జారాలని కార్డులకి చెనక్కాయ నూనె పట్టించేవాళ్ళు. బళ్ళారి నుంచి వచ్చిన చుట్టాలెవరో ఇచ్చి పోతే, ఉరవకొండకంతా ఒకే ఒక తిమింగలం దస్తగిరి దగ్గర ఉండేది. సముద్రం ఎరగని పిల్లలు, పైగా ఊళ్ళో బిందె నీళ్ళకి బారులు తీరే రోజులు. అంత పెద్ద ప్రాణి అన్ని నీళ్ళలో మునిగి తిరుగుతుందంటే నమ్మలేక, చూడ్డానికి పక్క వీధుల నుంచీ వచ్చేవాళ్ళట. తర్వాత దస్తగిరి కుటుంబం కణేకల్‌కి తరలిపోయింది. పోతూ పోతూ వాడు ఆ కార్డు స్నేహితుడు ఓబులేసు చేతిలో పెట్టి, ఇది ఉరవకొండది, ఇక్కడే ఉండనీ అన్నాడు. ఓబులేసు దాన్ని దేవుడి పటంలా చూసుకున్నాడు. ఆ చూసుకోవడంలోనే వచ్చింది చిక్కంతా. వారం వారం నూనె పట్టించి గూట్లో పెట్టేవాడు. ఆ కమ్మటి వాసనకి ఎలుకలు ఊరుకుంటాయా? ఒకరోజు చూస్తే గూట్లో పొట్టు మిగిలింది.

దస్తగిరి కోపగించుకోలేదట. ఎలుకలు తిమింగలాన్ని మింగిన ఊరు లోకంలో మీదొక్కటేరా అని ముప్పై ఏళ్ళకు పైగా ఎగతాళి చేస్తూనే ఉన్నాడట. ఇద్దరూ ఆ మాట చెప్పుకుని నవ్వని పండుగ లేదు. కానీ రెండేళ్ళుగా షుగర్ వల్ల దస్తగిరి చూపు తగ్గుతూ వచ్చింది. ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. మిగిలింది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నారట డాక్టర్లు. అప్పట్నుంచి ఓబులేసుకి ఆ ఎగతాళి నవ్వు తెప్పించడం మానేసింది. ఆ మాట చెబుతూ బల్ల మీద లేని మెతుకుల్ని తువ్వాలుతో తుడిచాడు.

హోటలు కట్టేసేసరికి రెండు దాటింది. కణేకల్ బస్సు ఇంకాస్త ఆలస్యంగా వచ్చింది. గంట పైన ప్రయాణం. మబ్బు చిక్కబడే కొద్దీ బస్సులో జనం ముఖాలు విప్పారుతున్నాయి. దస్తగిరి చూడాలంటే వెలుతురు కావాలి కదా. ఆ బస్సు మొత్తానికి మబ్బుని లోలోపల తిట్టుకున్నది మేమిద్దరమే. కణేకల్ దగ్గరపడగానే కాలవ కింద వరి మళ్ళు వచ్చి, కళ్ళకి ఒక్కసారి చల్లగా అనిపించింది.

దస్తగిరి వాకిట్లోనే బండల మీద కూర్చుని ఉన్నాడు. బక్కపలచని మనిషి. బస్టాండు నుంచి మేం నడిచొస్తుంటే ఓబులేసు చెప్పుల చప్పుడు పట్టుకుని, దూరం నుంచే పేరు పెట్టి పిలిచాడు. ఆయన భార్య మాబున్ని టీ తెచ్చింది. కాసేపు కబుర్లయ్యాక రేకు డబ్బా ఒకటి బయటికొచ్చింది. అందులో ఏనుగు, ఎలుగు, జింక, నక్క, అన్నీ నూనె తాగి పచ్చబడిన కార్డులు. మా గుంపులో పెడితే చెత్తబుట్ట చూపిస్తారు వాటికి. ముగ్గురం ఆడాం. నా జింక సగం దారిలోనే ఆగిపోయింది. దస్తగిరి గోడ వైపు చూడనైనా చూడలేదు. కార్డు వదిలి చెవి పెట్టి విని, గోడకి జానెడు దూరంలో ఆగిందని తనే చెప్పాడు. కొలిస్తే జానెడే. రెండు ఆటలూ ఆయనే గెలిచి నన్ను తెగ ఏడిపించాడు.

అప్పుడు నేను తిమింగలం తీశాను. తొడుగుతో ఇస్తే ఆ ప్లాస్టిక్ తీసెయ్యమన్నాడు. ఆయన వేళ్ళకి డబ్బాలోని నూనె జిడ్డు అంటి ఉంది. ఒక్క క్షణం నా చెయ్యి వెనకాడిన మాట నిజం. తీసి అరచేతిలో పెట్టాను. దాన్ని ముఖానికి ఆనించినంత దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. ఓబులేసు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

"కనపడతాండాదారా?"

"కనపడక? అబ్బా, ఎంత పెద్దదిరా ఓబులా. నీలంగా ఉండాది."

ఆయన తన వైపు తిప్పుకున్నది కార్డు వెనక భాగం. తెల్ల కాగితం మీద పొడవు, బరువు అచ్చువేసి ఉండే వైపు. బొమ్మ మా వైపుకి ఉంది. నేను ఓబులేసు వైపు చూశాను. ఆయనా చూశాడు.

"ఔనప్పా," అన్నాడు నెమ్మదిగా, "శానా పెద్దది."

టీ గ్లాసులు తీసుకెళ్ళే నెపంతో లేచి మాబున్ని వెనకే లోపలికి వెళ్ళాను. ఆమె నా ముఖం చూసి అర్థం చేసుకుంది. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, ఆయన స్నేహితుడి మనసు నొప్పించలేక అలా అన్నాడని చెప్పింది. "పొద్దున పూట వాకిట్లో ఎండ నిండుగా పడతాదక్కా. అప్పుడైతే ఇంత కనపడతాది. ఈ మబ్బుకి నాకే సరిగ్గా కనపల్లా."

ఇంకేం ఆలోచిస్తాను? బయటికొచ్చి, కార్డు మీ దగ్గరే ఉంచండి, నాకు బస్సుకి వేళవుతోందన్నాను. చూపించి తీసుకెళ్తానన్నారు కదా అని ఓబులేసు గుర్తుచేశాడు. ఎలుకలకి అందకుండా పెట్టమని మాత్రం చెప్పి లేచాను. దస్తగిరి నవ్వాడు. కార్డు మీద అప్పటికే ఆయన బొటనవేలి ముద్ర దిగింది. పోగేసేవాళ్ళ కళ్ళకి అది ఇక చిత్తు కాగితం. బస్సెక్కేదాకా ఆ సంగతి నాకు గుర్తే రాలేదు.

ఆ రాత్రి ఓబులేసుతో వెనక్కొచ్చి ఉరవకొండలోనే ఆగాను. లాడ్జి గది ఏడు వందలు, శుభ్రంగా ఉంది. తెల్లారి చూస్తే ఆకాశం అద్దంలా తుడిచేసి ఉంది. వాన బళ్ళారి వైపు పోయిందట. హోటల్లో ఉగ్గాని తింటున్న రైతులు ముఖాలు వేలాడేసుకుని మబ్బుని తిడుతున్నారు. ఓబులేసు వాళ్ళతో పాటు అయ్యో అంటూనే, మాటిమాటికీ వీధిలో ఎండకేసి చూస్తున్నాడు. అలా చూడ్డానికి ఆయనకి సిగ్గుగా ఉందని తెలుస్తూనే ఉంది. ఎనిమిది దాటాక ఫోన్ మోగింది. చేతులకి పిండి ఉండడంతో నన్ను స్పీకర్ పెట్టమన్నాడు.

"ఒరే ఓబులా, తల్లి పొట్ట కింద చిన్న పిల్ల ఉండాది కదరా. ఇన్నేండ్లలో నువ్వెప్పుడూ చెప్పలేదే."

ఓబులేసు పిండి చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. మన దానికి నూనె పూసి పూసి ఆ తావున మరక పడిండెరా, నేను మాత్రం యాడ చూసినా అన్నాడు. నేను నా ఫోన్లో ఇదివరకే ఉన్న కార్డు ఫోటో తెరిచి పెద్దది చేసి చూశాను. నిజమే. తల్లి పొట్ట కింద, నీలంలో నీలంగా కలిసిపోయి, గోరంత పిల్ల తిమింగలం. చిన్నప్పట్నుంచీ నా దగ్గరున్న కార్డు. తొడుగు, మూలలు చూసుకున్నాను గానీ బొమ్మని ఎన్నడూ అంత ఆశగా చూడలేదు.

తిరుగు ప్రయాణమంతా మా ఆట గురించే ఆలోచించాను. తక్కువ అచ్చువేసినంత మాత్రాన కార్డుకి విలువ రాదు. అలాగైతే ఒక్కటే ఉండే ప్రతి చిత్తు కాగితానికీ రావాలి. ఒక ఊళ్ళో విసుగు పుట్టించింది ఇంకో ఊళ్ళో కలలోకొస్తే, రెండు ఊళ్ళ పిల్లలూ ఎక్కడో కలుసుకుంటే, అప్పుడు వస్తుంది. మూలలు నలగకుండా దాచుకునే కార్డు కన్నా నూనె పట్టించి ఆడుకునే కార్డే మనుషుల్ని ఎక్కువ కాలం పట్టి ఉంచుతుందని కూడా అనిపించింది. మా భాగస్వామితో మాట్లాడి కొత్త నియమం పెట్టించాను. మా అరుదైన కార్డు చేతిలో ఉంచుకుంటే పాయింట్లు రావు, ఎదుటివాళ్ళకి ఇచ్చేస్తేనే వస్తాయి. బొమ్మలో ఒక మూల, వెంటనే కంటబడనిది ఏదైనా వెయ్యమని బొమ్మలేసే అమ్మాయికి చెప్పాను. పొట్లాలు తక్కువ అమ్ముడుపోతాయని భాగస్వామి ఇంకా గొణుగుతూనే ఉన్నాడు, ఆ భయం నాకూ లేకపోలేదు.

మీరు ఆ వైపు వెళ్ళేట్టయితే ఒక్క మాట. ఉరవకొండలో రాత్రికి ఆగి, కణేకల్‌కి పొద్దున మొదటి బస్సుకే వెళ్ళండి. మధ్యాహ్నం బస్సు ఎప్పుడొస్తుందో నమ్మకం లేదు. మీరు వెళ్ళేది ఎవరికైనా ఏదైనా చూపించడానికైతే మరీ ముఖ్యం, వాకిట్లో ఎండ ఉండగానే చేరండి.