అక్క కాళ్ళ కేసు

మా అక్కకు కోపం రావడం నేను చూడలేదు. ఆవిడ వాటా కూడా నాకే వచ్చింది. అక్క రాజోలులో ఉంటుంది, ఇంట్లోనే బట్టలు కుట్టేది, బావగారు కువైట్‌లో డ్రైవరు. నాది అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం. లారీలవాళ్ళతో పొద్దస్తమానం అరిచి అరిచి నా గొంతు మామూలుగా మాట్లాడటం మరిచిపోయింది. అందుకని కోర్టు చుట్టూ తిరిగే పని నాకు పడింది. కేసు ఇంకా నడుస్తూనే ఉంది కాబట్టి తీర్పు గురించి ఇక్కడ ఏమీ చెప్పను.

కరోనా టీకా రెండో డోసు వేయించుకున్న కొన్నాళ్ళకు అక్క అరికాళ్ళు తిమ్మిరెక్కాయి. తర్వాత మోకాళ్ళు. ఒక ఉదయం మంచం మీంచి లేవబోయి కూలబడిపోయింది. కాకినాడ తీసుకెళ్తే చాలా రోజులు ఉంచేశారు. నరాల జబ్బు అన్నారు. ఎప్పుడో, ఎవరో ఒకరికి టీకా తర్వాత ఇలా వస్తుందని, ప్రాణం దక్కినందుకు సంతోషించమని పెద్ద డాక్టరు గారు చెప్పారు. సంతోషించాం. అక్క చేతికర్రతో ఇంటికి వచ్చింది. కుట్టుమిషను తొక్కడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు.

టీకా మీద నాకు పగేమీ లేదు. ఆ రోగంతో పోయినవాళ్ళను మా వీధిలోంచి మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఊరందరూ వేయించుకోవాలన్నారు, వేయించుకున్నాం, ఊరు నిలబడింది. మరి దాని దెబ్బ మా అక్క ఒక్కతే ఎందుకు మోయాలి? అమలాపురంలో లాయరు గారి దగ్గర కూర్చుని ఇదే అడిగితే, "మన కేసంతా ఇదేనండి. నేను దీన్ని ఇంగ్లీషులో రాస్తానంతేనండి" అన్నారు.

నష్టపరిహారం ఇమ్మని మేం అడిగింది సర్కారును. అవతలివాళ్ళ జవాబు కూడా ఇంగ్లీషులోనే వచ్చింది. టీకా ఎవరి ఇష్టం వాళ్ళదట, ఎవరూ బలవంతం చెయ్యలేదట. సర్టిఫికెట్ లేకపోతే విమానం ఎక్కనివ్వని రోజులు అవి. ఆ కాగితం కోసం బావగారు పడ్డ తిప్పలు నాకు తెలుసు. ఇష్టమంటే ఏమిటో నాకు అప్పుడే బాగా అర్థమైంది.

కోర్టులో రెండు సంగతులు తేలాలి. జబ్బు టీకా వల్లే వచ్చి ఉండవచ్చన్నది ఒకటి. దానికి కాకినాడ డాక్టర్ల రాత ఉంది. ఎంత నష్టం జరిగిందన్నది రెండోది. అది చూసి చెప్పమని కోర్టువారు అక్కను మెడికల్ బోర్డుకు పంపించారు. లాయరు గారు ఆవిడకు పెద్ద పాఠాలేమీ చెప్పలేదు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పండమ్మగారూ. చాలండి."

"ఆయ్, అలాగేనండి" అంది అక్క.

మా వైపు మనుషుల సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. మమ్మల్ని ఎవరైనా బాగున్నారా అని అడిగితే, ప్రాణం మీదికొచ్చినవాడు కూడా బాగున్నామండి, మీరు బాగున్నారా అంటాడు. అడిగింది పెద్దవారైతే ఏదో మీ దయవల్లండి అని ఇంకో ముక్క కలుపుతాడు. బాగోలేదని చెబితే అడిగినవాళ్ళ నెత్తిన బరువు పెట్టినట్టని మా పెద్దలు నేర్పారు. మర్యాదకు మేం పెట్టింది పేరు. దాంతో కేసులు గెలవచ్చని మాత్రం ఎవరూ చెప్పలేదు.

బోర్డు రోజున అక్క తలంటుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని తయారైంది. పెళ్ళిచూపులకా అన్నాను. "పెద్దవాళ్ళ దగ్గరికి కదరా" అంది. గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది. చెప్పుల పక్కనే చేతికర్ర కూడా గోడకు చేరేసింది. నేను నోరు తెరిచేలోపే గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి, కుర్చీలో కూలబడి, నమస్కారం పెట్టేసింది. తలుపు తెరిచే ఉంది, మాటలన్నీ బయటికి వినిపించాయి.

"ఎలా ఉందమ్మా ఇప్పుడు?"

"బాగానే ఉందండి. మీ దయవల్లండి."

"నడుస్తున్నారా?"

"ఆయ్. ఇంట్లో పనివరకూ ఏదో చేసుకుంటున్నానండి."

"నొప్పులేమైనా?"

"అబ్బే, చెప్పుకోవలసినంత ఏం లేవండి. పొద్దుపోయిందండి, మీరు భోంచేసేరాండి?"

భోజనం సంగతి వాళ్ళు రాసుకోలేదనుకుంటాను. మిగతాదంతా రాసుకున్నారు. ఆసరా లేకుండా నడవగలుగుతున్నారని, బాగానే ఉన్నట్టు ఆవిడే చెప్పారని రిపోర్టు వచ్చింది. అవతలి లాయరు దాన్ని కోర్టులో నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చదివారు. ఆ చదవడం వింటే నాకే ఒక క్షణం, అక్క బాగానే ఉందేమో అనిపించింది.

మా లాయరు గారు వరండాలోకి వచ్చి తల పట్టుకున్నారు. "అడగందే అమ్మైనా పెట్టదంటారండి. అమ్మగారు అడిగి మరీ పెడుతున్నా వద్దనేలా ఉన్నారండి" అన్నారు. మళ్ళీ పరీక్ష చేయించాలని ఆయన అర్జీ పెడితే కోర్టువారు సరేనన్నారు.

ఇంటికి వెళ్తూ ఆటోలో నేను అరిచాను. డ్రైవరు వెనక్కి తిరిగి చూసేంత అరిచాను. అక్క అంతా విని, "మొన్నటికన్నా నిన్న నయంరా. నెమ్మదిగా బలం వస్తోంది. వస్తున్నదాన్ని రాలేదని నా నోటితో ఎలా చెప్పనురా?" అంది. అదీ మర్యాదలో భాగమే అనుకుని నేను ఇంకో రెండు అరుపులు అరిచాను.

రెండోసారి కర్ర చేతిలో పెట్టి మరీ లోపలికి పంపించాను. ఈసారి అడిగింది ఒక డాక్టరమ్మ. ఎలా ఉందని ఆవిడ అడగనే లేదు. చేతిలో నీళ్ళ గిన్నెతో వంటింట్లోంచి వీధిలోకి రాగలరా? కింద కూర్చుంటే లేవగలరా? ఒక్కరే స్నానం చెయ్యగలరా? అలా అడిగితే మర్యాదగా తప్పించుకునే దారి ఉండదు.

"రాలేనండి."

"ఎవరో ఒకరు లేపాలండి."

"కుర్చీ వేసుకుంటానండి. అయినా... లేదండి, ఒక్కదాన్నే చేసుకోలేనండి."

అక్క గొంతు ఒక్కో జవాబుకీ తగ్గుతూ వచ్చింది. బయట నాకు ఒక్కో జవాబుకీ బలం వచ్చింది. ఆవిడ వచ్చేసరికి మొహం చెమటతో తడిసిపోయి ఉంది. బాగా చెప్పావక్కా అన్నాను. చెంగుతో మొహం తుడుచుకుంది.

రిపోర్టు కోర్టుకు చేరిన రోజున మేమిద్దరం వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. లాయరు గారు నకలు పట్టుకుని దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చారు.

"మనవైపు తిరిగిందండి! శాశ్వత వైకల్యమని రాసేరండి. నయమయ్యే వీలు లేదని కూడా రాసేరండి. ఇంక అవతలివాళ్ళకి మాట లేదండి!"

నేను లేచి ఆయన చేతులు పట్టుకున్నాను. ఆ ఒక్క మాట రావాలని నేను మొక్కుకున్నాను కూడా. ఇద్దరం నవ్వుతున్నాం.

"ఇంక నయం కాదాండి?" అని అడిగింది అక్క.

లాయరు గారు నవ్వు ఆపి, "కేసుకి అదే బలమండి, అమ్మగారూ" అన్నారు.

"నెమ్మదిగా బలం వస్తోంది కదాని..." అని ఆగిపోయింది. ఇన్నాళ్ళూ బాగానే ఉందని ఆవిడ అందరికీ చెప్పింది మర్యాదకు కాదని నాకు అప్పుడు తెలిసింది. లాయరు గారి చేతులు వదిలేశాను. లాయరు గారు కాగితాలు అటూ ఇటూ సర్దారు. అక్క ఆయన ఇబ్బంది చూసింది.

"ఆయ్, మంచిదండి. మాకోసం చాలా కష్టపడ్డేరండి" అంది.

మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది. దిగడానికి చెయ్యి ఇవ్వమని నన్ను అడిగింది. కాళ్ళు పడిపోయినప్పటినుంచి ఆవిడ నన్ను అలా అడగడం అదే మొదలు.