గణపతిరావు బ్రేకాయిలు

రాజాంలో గణపతిరావు ఇంటికి మోటారుసైకిలు మీద వెళ్ళినవాడు బ్రేకాయిలు మార్పించుకోకుండా తిరిగొచ్చిన దాఖలాలు లేవు. వచ్చినవాణ్ణి కుశలం అడగడు. ముందు హ్యాండిల్ మీదున్న ఆయిల్ డబ్బా మూత విప్పి తొంగిచూస్తాడు. "టీ డికాక్షన్‌లాగ అయిపోనాది. ఈ బండి మీద బతికెలాగొచ్చినావురా?" అంటాడు. వ్రతం చేయించడానికొచ్చిన పంతులుగారు కూడా ఆరోజు పీట మీద కంటే బండి పక్కనే ఎక్కువసేపు కూర్చున్నారు.

మేనల్లుడు దేవేంద్ర కిందటి నెలే ఆ గండం గడిచి, ఈసారి ధైర్యంగా బయల్దేరాడు. చెల్లెలు అరుణశ్రీ పెళ్ళి వారంలో ఉంది. మేనమామని అన్నదమ్ములిద్దరూ కలిసి పిలవాలి. కానీ పొలంలో నీళ్ళ వంతు దగ్గర మాటామాటా పెరిగి, అన్న ధర్మేంద్రతో ఎనిమిది నెలలుగా మాటల్లేవు. "మీరిద్దరూ కలిసి పందిట్లో నిలబడకపోతే నాను పీటల మీద కూకోను" అని చెల్లెలు ఏడ్చినా, అన్నని వెంట రమ్మనకుండా ఒక్కడే వచ్చాడు.

తీరా వెళ్ళేసరికి వాకిట్లో అన్న ఉన్నాడు. అన్న బండి ఆయిల్ డబ్బాకి అప్పటికే మూత లేదు.

"మంచి టైముకొచ్చినావు. ఇది ఇద్దరి పని," అన్నాడు గణపతిరావు. "మీ అన్న బ్రేకు నొక్కి పడతాడు. నువ్వు కింద నట్టు వదులు సెయ్యి, పాత ఆయిల్ దిగుతాది. నువ్వు బిగించేదాకా ఆడు వదల్కూడదు, గాలి దూరిపోతాది. నోటితో సెప్పుకోవాల, సైగలు పనికిరావు."

పైన డబ్బాలో కొత్త ఆయిల్ పోస్తూ ఉండటం గణపతిరావు వంతు.

"నొక్కినాను," అన్నాడు ధర్మేంద్ర, గోడకి చెప్పినట్టు.

"బిగించినాను," అన్నాడు దేవేంద్ర, చక్రానికి చెప్పినట్టు.

అంతా అయిపోవస్తుండగా గణపతిరావు వీధిలో పోయే మేకల్ని చూస్తూ ఆయిల్ పొయ్యడం మరిచిపోయాడు. డబ్బా ఖాళీ, గాలి దూరింది, పని మళ్ళీ మొదటికొచ్చింది. రెండోసారి తుమ్మొచ్చిందన్నాడు.

మూడోసారి ధర్మేంద్రకి ఓపిక చచ్చింది. "ఒరే, మావని నమ్ముకుంటే ఈలోగా సెల్లి పెళ్ళైపోతాది. ఆయిల్ కూడా నువ్వే సూడు."

"నువ్వు సరీగా నొక్కన్నా," అనేసి నాలుక కరుచుకున్నాడు దేవేంద్ర. ధర్మేంద్ర నవ్వాపుకోలేకపోయాడు.

పనయ్యాక చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే, గూట్లో ట్యూబు తగిలించిన పెద్ద సిరంజి కనిపించింది.

"ఇదేటత్తా?"

"మీ మావది," అంది గణపతిరావు భార్య ఈశ్వరి. "దాంతో లాగితే ఒక్కడే పావుగంటలో ఆయిల్ మార్చీగలడు."

"మరి మమ్మల్నెందుకు పొద్దున్నించీ కూకోబెట్టినాడు?"

"మీరేటి, మొన్న పక్కూరి నాగబాబునీ ఆడి పెళ్ళాన్నీ మూడు గంటలు కూకోబెట్టినాడు. దెబ్బలాడుకుని యేరేగా వచ్చినారు, కలిసి ఎల్లినారు."

దేవేంద్ర సిరంజిని ఇంకాస్త లోపలికి తోసేసి వాకిట్లోకొచ్చాడు.

"మావా, నా బండి ఇక్కడే ఉంచుతాను, ఆయిల్ మార్చు. నాను అన్న బండి మీద ఎల్తాను."

గణపతిరావు మూత విప్పి చూశాడు. "కొత్తదే కదరా. కిందటి నెలే మార్చినాను."

"అయినా మార్చు," అంటూ దేవేంద్ర అన్న వెనక ఎక్కాడు. "పెళ్ళికి దాని మీదే రా. పందిట్లో ఇద్దరం కలిసి ఎదురొస్తాం."