రేగుగింజ సంగతి

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా అన్నయ్య పోయాక కూడా, అతను ఇంట్లో మసలుతున్నట్టు నాకు ఒక్కసారీ అనిపించలేదు. పోయినవాళ్ళు పోయినట్టే. ఎవరినో నమ్మించాలని ఇది రాయడం లేదు. నాకు జవాబు దొరకలేదు గనుక రాస్తున్నాను.

అన్నయ్య ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా తెలుగువాళ్ళ పఠనమందిరానికి కార్యదర్శిగా ఉన్నాడు. మందిరం ఉత్తరాలన్నీ అతని మెయిల్‌కే వచ్చేవి. చేతులు వణకడం మొదలయ్యాక, అతని కూతురు లక్ష్మి ఆ మెయిల్‌కు కృత్రిమ మేధ జవాబులిచ్చే ఏర్పాటు చేసింది. అది పాత మెయిళ్ళన్నీ చదివి, అన్నయ్య మాటతీరులో, అన్నయ్య పేరుతో తనంతట తనే జవాబు రాసి పంపేది.

అంటే మన ఉత్తరాలు ఎవరో చదువుతున్నట్టే కదా అని అప్పుడే అడిగాను.

"మనిషెవరూ చదవరత్తా, మిషనే" అంది లక్ష్మి. ఆ తేడా నాకు అర్థం కాలేదు.

చలికాలంలో అన్నయ్య ఆసుపత్రిలో చేరాడు. గొంతులో గొట్టం వేశారు. మాట లేదు, కలం పట్టుకోలేడు. అతని ఫోను స్విచాఫ్ చేసి లక్ష్మి తన క్వార్టర్స్‌లో బీరువాలో పెట్టింది. నా ఫోను వార్డు బయట గార్డుకిచ్చి వెళ్ళేదాన్ని. సాయంత్రం నాలుగింటికి ఒక్కరినే లోపలికి పంపేవారు.

ఒకరోజు అతని చెవి దగ్గర వంగి ఒక మాట చెప్పాను. కుడి రొమ్ములో గడ్డ తగులుతోందని, రేగుగింజంత ఉందని, పరీక్షకు వెళ్ళాలంటే భయంగా ఉందని. లక్ష్మికి కూడా చెప్పని మాట అది. అన్నయ్య ఎవరికీ చెప్పలేడు గనుకనే అతనికి చెప్పాను. అతను నా వేలు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాలుగు రోజులకు పోయాడు.

పెద్దకర్మ మర్నాడు సింహాచలం గారు ఇందా పేటలో మా ఇంటికి వచ్చారు. వర్క్‌షాపులో అన్నయ్యతో పాటు ఫిట్టరుగా చేసినాయన. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"సెల్లెమ్మా, నానో ఎర్రిపని చేసినాను. మందిరం బీరువా తాళం కనబడక, అలవాటుకొద్దీ మీ అన్నకి మెయిల్ కొట్టేసినాను. పంపినాక గుర్తొచ్చింది, మనిషి లేడు కదాని."

"పర్వాలేదండీ."

"ఏటి పర్వాలేదు? జవాబొచ్చింది!"

ఫోను నా చేతికిచ్చారు. రెండే వాక్యాలు. "తాళం కిటికీ పక్క మేకుకి ఉంది. రేగుగింజ సంగతి ఆలస్యం చెయ్యొద్దని చెల్లికి చెప్పండి."

"తాళం అక్కడే దొరికిందమ్మా. మరి ఈ రేగుగింజేటి? మొక్క గానీ నాటతానన్నావా? మీ అన్న బతికున్నప్పుడూ ఇంతే, సగం సెప్పి సగం మింగేసీవోడు."

ఆయనకు ఏం చెప్పి పంపానో గుర్తులేదు.

ఆ సాయంత్రమే లక్ష్మి దగ్గరికి వెళ్ళాను. నువ్వే రాశావా అని సూటిగా అడిగాను. సంగతేమిటో చెప్పక తప్పలేదు. అది ఏడ్చేసింది.

"నాకు తెలిస్తే మెయిలెందుకు రాస్తానత్తా? రెక్క పట్టుకుని లాక్కెళ్ళనా?"

ఇద్దరం కూర్చుని మెయిళ్ళన్నీ వెతికాం. తాళం, మేకు పాత మెయిల్లో ఉన్నాయి. రేగు అన్న మాట ఎక్కడా లేదు. నా ఆరోగ్యం ఊసూ లేదు. ఫోను వినేసి ఉంటుందంది లక్ష్మి. ఏ ఫోను? ఒకటి బీరువాలో, ఒకటి గార్డు దగ్గర. వార్డులో నర్సు బెంగాలీ అమ్మాయి, పక్క మంచం మీద ఒడియా ముసలాయన. ఈ ఊళ్ళో ఎవరికి తెలుగు రాదో చెప్పడం కష్టం. ఇందా బజారులో చేపలమ్మే బెంగాలీ దాదా నాతో తెలుగులోనే బేరమాడతాడు. వాళ్ళు విన్నారనే అనుకుందాం. అది అన్నయ్య మెయిల్లోకి ఎలా వెళ్ళింది?

ఆ వారమే లక్ష్మి నన్ను పరీక్షకు తీసుకెళ్ళింది. గడ్డ తీసేశారు. ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే కష్టమయ్యేదని డాక్టరు చెప్పింది.

మెయిల్ మూసేసే ముందు దానికి నేనొక ప్రశ్న రాశాను. "నీకు ఎవరు చెప్పారు?"

నిమిషంలో జవాబు వచ్చింది. "మీ ఉత్తరం అందింది. కార్యదర్శి గారు స్వయంగా బదులిస్తారు."

లక్ష్మి అక్కడికక్కడే ఖాతా తీసేసింది.

బతికినందుకు సంతోషమే. కానీ చెప్పలేడనుకున్న మనిషికి చెప్పిన మాటను ఎవరో విన్నారు, చేరవేశారు. ఎవరన్నది నాకు ఈనాటికీ తెలియదు. ఇప్పుడు డాక్టరు గదిలోకి వెళ్ళే ముందు ఫోను బయట లక్ష్మికిచ్చి వెళ్తాను. ఆ రోజు కూడా ఫోను బయటే ఉందని తెలిసీ.