తోక లేని నత్తగుల్లలు

మొన్న ఆదివారం మా మేనకోడలు వరండాలో కూర్చుని, నేనిచ్చిన కాఫీ చల్లారేలోగా, ఒళ్ళో పెట్టుకున్న లాప్‌టాప్‌లో ఓ పరిణామ వృక్షాన్ని గీసి చూపించింది. ఎమ్మెస్సీ చదువుతోంది, పాత మట్టిపొరల్లో దొరికే గుల్లల మీద ఏదో ప్రాజెక్టు చేస్తోంది. ఏ జీవి ఏ జీవికి దగ్గర చుట్టమో, ఎవరు ఎప్పుడు వేరు కాపురం పెట్టారో కొమ్మలు కొమ్మలుగా తెర మీద విచ్చుకుంటుంటే పైకి మెచ్చుకున్నానే గాని, నా మనసు మాత్రం రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లోకి, ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే పాసింజరు బండిలోకి ఎక్కి కూర్చుంది. ఉద్యోగం చేస్తూ, ఇల్లు చక్కబెట్టుకుంటూ పీహెచ్‌డీ వెలగబెట్టినవాళ్ళు మీలో ఉంటే నా అవస్థ సగం చెప్పకుండానే తెలుస్తుంది.

అప్పట్లో నేను ఏలూరులో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పేదాన్ని. నలభై దాటాక పుట్టిన బుద్ధితో కొల్లేటి నత్తల మీద పరిశోధనకు దిగాను. లంకల దగ్గర చేపల చెరువులు తవ్వుతుంటే తెగిన గట్లలో మట్టి పొరలు పొరలుగా కనిపించేది. ఆ పొరల నిండా ఎప్పటివో నత్తగుల్లలు. పై పొర గుల్లకూ కింది పొర గుల్లకూ ఆకారంలో తేడా కొలిచి, కాలం గడిచేకొద్దీ నత్త ఎలా మారిందో కంప్యూటరు చేత చెప్పించాలని మా గైడు గారి సంకల్పం. మాదేమో పౌరోహిత్యం చేసుకునే కుటుంబం. మా అత్తగారు ఆ గుల్లల్ని గడప తొక్కనిచ్చేవారు కాదు. పెరట్లో పంపు దగ్గర కడిగి, పాత అప్పడాల డబ్బాల్లో పోసి, తలస్నానం చేశాకే నేను వంటింట్లోకి రావాలి. ఆవిణ్ణి చూసి నవ్వుకునేదాన్ని గాని, నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? నత్త పుట్టుపూర్వోత్తరాలన్నీ నోటికొచ్చేవి, అది ఎవరింట్లోనైనా కూరవుతుందన్న ధ్యాసే ఉండేది కాదు.

కొలతలన్నీ కాగితాల మీద రాసుకుని ఆదివారం పొద్దున్నే గూడెం వెళ్ళేదాన్ని. అక్కడ ఇంజనీరింగు కాలేజీ లాబులో మా మరిది పనిచేసేవాడు. సెలవురోజు ఒక కంప్యూటరు నాకోసం అడిగి ఉంచేవాడు. అంకెలు ఎక్కించి మీట నొక్కితే, ఆ యంత్రం సాయంత్రం దాకా తనలో తాను గొణుక్కుంటూ కూర్చునేది. కింది పొర గుల్లలన్నీ పొట్టివి, చివర మొనదేలి ఉండాల్సిన తోక మొండిగా ఉన్నవి. పెద్దయ్యాక తోక కొస వాటంతటవే రాల్చుకునే నత్తలు కొన్ని ఉంటాయని పుస్తకాల్లో చదివాను, ఇవీ ఆ బాపతేననుకున్నాను. కంప్యూటరు కూడా వాటిని తీసుకెళ్ళి వేరే కొమ్మ మీద కూర్చోబెట్టింది. గైడు గారి ఆనందం ఇంతా అంతా కాదు. ఇదివరకెవరూ చూడని జాతి అన్నారు, కొల్లేటి పేరు కలిసొచ్చేలా దానికి పేరు కూడా పెట్టేశారు. డిపార్టుమెంటులో నలుగురికీ చెప్పేశారు, పరిశోధన పత్రికకు పంపడానికి వ్యాసం కూడా రాయించారు.

ఇక మిగిలిందల్లా ఒక్కటే. ఆ చెట్టును వెయ్యిసార్లు మళ్ళీ మళ్ళీ గీయించి, ఆ కొమ్మ ప్రతిసారీ నిలబడుతోందో లేదో చూడాలి. ఆ ఆదివారం ముప్పాతిక పని అయ్యాక కరెంటు పోయింది. లాబులో యూపీఎస్ కాసేపు కీచుమని అది కూడా కన్నుమూసింది, చేసిన లెక్కంతా పోయి పని మళ్ళీ వచ్చే ఆదివారానికి పడింది. తిరుగు బండిలో ఉంగుటూరు దాటేదాకా కరెంటు వాళ్ళను మనసారా తిట్టుకుంటూనే ఉన్నాను. ఎలాగూ వారం పోయింది గదా, ఆ లంక నుంచి ఇంకో గుప్పెడు గుల్లలు పట్టుకురమ్మన్నారు గైడు గారు.

బుధవారం సెలవు పెట్టి వెళ్ళాను. ఎప్పుడూ నన్ను దోనెలో గట్టు దగ్గరికి తీసుకెళ్ళే ఆవిడ ఆవేళ ఇంటి ముందు పీట వేసుకుని, బతికున్న నత్తల్ని ఒక్కొక్కటీ రాతి మీద పెట్టి, కత్తి మడమతో తోక కొట్టి గిన్నెలో వేస్తోంది. పక్కన నిన్నటి కూరలోని ఖాళీ గుల్లల కుప్ప. అన్నీ పొట్టివి, అన్నీ మొండివి. నా సంచిలోంచి కింది పొర గుల్ల తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

"ఇది కూరకి కొట్టిందేనండీ అమ్మగారూ. తోక కొట్టకపోతే మాంసం బయటికి రాదు గదండీ. మీరు తవ్వుకెళ్ళే చోట మా పెద్దోళ్ళ ఇళ్ళుండేవంటండీ."

కాళ్ళ కింద లంక కదిలినట్టయింది. నేను రెండేళ్ళుగా కొలిచింది కొత్త జాతిని కాదు, ఎవరో తిని పారేసిన కూరగుల్లల్ని. బురదలో ఏళ్ళ తరబడి నాని, విరిగిన అంచు నున్నబడింది, అంతే. ఆ వ్యాసం అచ్చయితే నా థీసిస్సూ, గైడు గారి ముప్పయ్యేళ్ళ పరువూ కొల్లేట్లో కలిసేవి. బస్సు దిగి తిన్నగా ఆయనింటికే పోయాను. బల్ల మీద పత్రిక చిరునామా రాసిన కవరు సిద్ధంగా ఉంది. నా సంచిలో రెండు గుల్లలుండేవి, ఒకటి బురదలోది, ఒకటి ఆవిడ కుప్పలోది. రెండూ పక్కపక్కన పెట్టి జరిగింది చెప్పాను. ఆయన రెండు గుల్లల అంచులూ వేలితో తడిమి చూశారు. తర్వాత కవరు రెండుగా చించి, పగలబడి నవ్వారు.

"మన రెండిళ్ళల్లో ఒక్కరు నత్తలు తిన్నా ఈ తిప్పలు తప్పేవి గదండీ!"

అమ్మయ్య అనుకున్నాను. అంత హాయిగా నేను మళ్ళీ ఎప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు. ఇంటికొచ్చి తలస్నానం చేసి, చెంబు పట్టుకునే ఏడ్చాను, అత్తగారు కంగారుపడ్డారు. తర్వాత మొండి గుల్లల్ని పక్కకు తీసేసి మళ్ళీ లెక్క కట్టిస్తే ఆ వేరు కొమ్మ మాయమైంది. థీసిస్ ఏడాది ఆలస్యమైంది గాని, పట్టా వచ్చింది. మొదటి పేజీలో కృతజ్ఞతలు చెప్పుకున్నవాళ్ళలో ఆ దోనె ఆవిడ కూడా ఉంది. ఆ పేజీ చూపిద్దామని వెళ్ళేసరికి సర్కారువాళ్ళు కొల్లేటి ఆక్రమణలని చేపల చెరువుల గట్లు కొట్టేశారు, ఆవిడ వాళ్ళు ఎటు వెళ్ళారో ఎవరూ చెప్పలేకపోయారు. అది మాత్రం నాకు తీరని లోటు.

మేనకోడలు తెర మీది చెట్టు చూపించి ఎలా ఉందత్తా అంటే, బాగుందన్నాను. తర్వాత పక్కన పెట్టుకున్న దాని గుల్లల డబ్బాలోంచి ఒకటి తీసి తోక తడిమి చూశాను. కొస ఉంది, ప్రాణం కుదుటపడింది. ఆనాడు కరెంటు పోకపోతే నాకా వారం దొరికేది కాదు, ఆ వ్యాసం పోస్టులో పడిపోయేది. ఇప్పుడు కరెంటు పోదు, యంత్రం ఆగదు, కాఫీ చల్లారేలోగా అన్నీ తేలిపోతాయి. నేను తిట్టుకున్న ఆ ఒక్క వారం ఈ పిల్లలకు ఎవరిస్తారా అనిపిస్తుంది.