రంగు మాట

సారికకు జర్మనీలో బాగా నచ్చింది ఒకటే, అక్కడ వస్తువంటే వస్తువులా ఉంటుంది. ఆస్పత్రిలో నర్సుగా చేరిన కొత్తలో కొన్న కూరగాయల కత్తి ఇవాళ్టికీ మొద్దుబారలేదు. సెలవుకు షోలాపూర్ వచ్చినప్పుడల్లా నీలం నగర్‌లో మేనమామ సిద్ధరాములు ఇంట్లో కూర్చుని ఆ కత్తి పురాణం విప్పేది. "అక్కడ ఒక్కసారి కొన్నమంటే జిందగీ అంతా ఫికరుండది మామా" అనేది. పవర్‌లూమ్ కార్ఖానా మోతకు చెవులు సగం పోయిన సిద్ధరాములు ఏం విన్నాడో ఏమో, పాపం, నవ్వుతూ తలూపేవాడు.

ఈసారి పురాణం మొదలవకముందే ఆయన అడ్డుపడ్డాడు.

"గవన్ని తర్వాత. నా చాదర్ ఎట్లున్నది బిడ్డా?"

సారిక తాగుతున్న చాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

ఆమె విమానం ఎక్కబోయే ముందు ఆయన చేతిమగ్గం మీద నేసిన ఆఖరి చాదర్ అది. ఎర్రటి దుప్పటి, నాలుగు మూలలా పావురాల జంటలు. ఆ తర్వాత మగ్గం విప్పేశారు. ఆ చోట ఇప్పుడు అత్త ద్రౌపది చేటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"పుణెల మంగేశ్ సేట్ అని బట్టల దుకాణమాయన ఉన్నడు" అన్నాడు సిద్ధరాములు. "చేతిమగ్గం చాదర్లే కావాల్నట, గా పావురాలదే కావాల్నట. అశోక్ చౌక్‌ల దోస్తు మగ్గం ఖాళీగున్నది. ఇగ నేను గా కార్ఖాన మోతలకెల్లి బయటపడ్త. కాని గా డిజైన్‌కు చిల్లులు కొట్టిన అట్టలు అటక మీద వానకు నాని పిప్పయినయ్. నువ్వు చాదర్ పంపిస్తే పోగులు చూసి మళ్ల అట్టలు కొట్టుకుంట."

"ఒకటి ఇంట్ల పెట్టుకోకపోతివి" అంది ద్రౌపది.

"ఇంట్ల ఉంటే ఏదో అవసరానికి అమ్ముకుందుము. సారిక దగ్గరైతే పదిలం."

సారిక తల వంచుకుంది. జర్మనీ వెళ్లిన కొత్తలోనే ఆ చాదర్‌ను తన తెల్ల యూనిఫారాలతో కలిపి మిషన్లో వేసి వేడినీళ్లతో ఉతికింది. యూనిఫారాలన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. ఒళ్లు మండి, వీధి చివర పాతబట్టలు వేసే డబ్బాలో చాదర్‌ను పడేసి వచ్చింది. గ్యారంటీ ఉందని చూసి మరీ కొత్త దుప్పటి కొనుక్కుంది. ఇప్పుడది తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా నిజం సగమే నోట్లోంచి వచ్చింది.

"అది లేదు మామా. రంగు పోయింది. పడేసిన."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "రంగు పోయిందా?" అని రెండుసార్లు అడిగాడు. కాసేపు తన వేళ్ల వైపు చూసుకుని, ఫోన్ తీశాడు.

"సేట్, ఆ పని ఇంకొకలకు ఇయ్యిర్రి. మా రంగు నిలుస్తలేదట. మా ఇంటి బిడ్డనే చెప్పింది."

మా ఇంటి బిడ్డనే! సారికకు జర్మనీకి బయల్దేరిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు బస్సు కదులుతుంటే ఆయన కిటికీ పట్టుకుని నడుస్తూ చెప్పాడు, రంగు నిలవాలంటే మొదటిసారి ఉప్పేసిన చల్లటి నీళ్లలో చాదర్‌నొక్కదాన్నే నానబెట్టమని. ఆమె ఊ కొట్టింది. బస్సు చౌక్ దాటకముందే మరిచిపోయింది.

"నువ్వు ఉప్పునీళ్లని చెప్పినవ్ మామా!" ఆయనకు వినపడాలని గట్టిగా అరిచింది. "నేనే పెట్టలే! వేడినీళ్లల్ల ఏసి నేనే ఖరాబ్ చేసిన. తప్పు నాది!" అంటూ ఏడ్చేసింది.

సిద్ధరాములు ఫోన్ చెవి దగ్గర్నుంచి తీశాడు. "చాదర్ చినిగిందా?"

"లేదు మామా. ఒక్క పోగు గూడ లేవలే."

ఆయన ఫోన్ మళ్లీ చెవికి పెట్టుకున్నాడు. "సేట్, నమూనా లేదు. పని నాతోని కాదు, గదైతే పక్కా. కాని రంగు మాట వాపస్ తీస్కుంటున్న. మా రంగు మంచిదే."

ఫోన్ జేబులో వేసుకున్నాడు. చెవుల్లో దూది కుక్కుకుని కార్ఖానాకు బయల్దేరాడు.