నిండు సీసా

ఆ వీధిలో ఎవరింట్లో కుళాయి మొండికేసినా, అందరూ బావగారని పిలిచే ఆ ప్లంబరే దిక్కు. అలాంటివాడి కుందేలు గడ్డి ముట్టడం మానేసింది. పెంటికలు మిరియాల్లా ఎండిపోయాయి. బోనుతో సహా ఆసుపత్రికి పట్టుకొచ్చాడు.

"నీళ్లు తాగుతోందా?" అని అడిగింది పశువుల డాక్టరమ్మ.

"అదేం ప్రశ్నండీ! బోనుకు సీసా కట్టానుగా. ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటుంది, చుక్క తగ్గదు!" అన్నాడు గొప్పగా.

"చుక్క తగ్గకపోతే, మరి అది తాగిందేమిటండీ?"

ఆయన సీసా గొట్టం చివర, కుందేలు నాకితే కదిలి నీళ్లు వదలాల్సిన గోళీని వేలితో నొక్కాడు. బిగుసుకుపోయి ఉంది. ఊరి గొట్టాలన్నిటికీ అడ్డాలు తీసిన ఆ చేతులే సీసాను బోను నుంచి విప్పేశాయి.

డాక్టరమ్మ గిన్నెలో నీళ్లు పెట్టింది. కుందేలు మూతి ముంచి, తలెత్తకుండా తాగుతూనే ఉంది. ఆ చప్పుడు వినలేక ఆయన బయటికి వెళ్లిపోయాడు.